కౌంటర్ దగ్గర మీరు చెప్పని మాటే దళారికి పెట్టుబడి: తెలంగాణ బ్యాంకర్ల కమిటీకి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ అధ్యక్షులకు, సభ్య బ్యాంకుల ప్రతినిధులకు నమస్కారం.

కూకట్‌పల్లి, మూసాపేట, బాలానగర్ ప్రాంతాల్లో చిన్న దుకాణదారులకు, వర్క్‌షాపుల వాళ్లకు లెక్కలు రాసి, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేయడం నా వృత్తి. కొన్నేళ్లుగా వాళ్లు బిల్లుల కట్టతో పాటు ఇంకో కాగితం కూడా నా బల్ల మీద పెడుతున్నారు. అది రుణ నివేదిక, అంటే మన అప్పులు, వాయిదాల చరిత్ర, దాన్ని బట్టి వేసిన స్కోరు ఉన్న కాగితం. బ్యాంకులు పంపే వివరాలతో దాన్ని రుణ సమాచార సంస్థలు తయారుచేస్తాయి. వాటిలో ఒకటైన సిబిల్ పేరుతోనే జనం ఆ స్కోరును పిలుస్తారు. ‘సిబిల్ పడిపోయిందట సార్, ఏం చేయాలి’ అని అడుగుతారు. ఈ ప్రశ్న అడగాల్సింది మీ శాఖల్లో. అడిగే వచ్చారు. అక్కడ జవాబు దొరకలేదు. నా దగ్గరకు వచ్చినవాళ్లు కాస్త నయం. మిగిలినవాళ్లు మెట్రో స్తంభానికి అంటించిన కాగితం మీది నంబరుకు ఫోను చేశారు.

ఆ కాగితాలు మీరూ చూసే ఉంటారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల ప్రకటనల సందున ‘సిబిల్ తక్కువా? 15 రోజుల్లో 750 గ్యారంటీ’ అని ఉంటుంది. కింద ఒక ఫోను నంబరు, అంతే. పేరుండదు, చిరునామా ఉండదు. ఇప్పుడు గోడల మీద తగ్గి వాట్సాప్ స్టేటస్‌లలోకి, రీళ్లలోకి ఎక్కింది. ఇలాంటి వాళ్లను పట్టుకోవడం పోలీసుల పని, అందుకు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 ఉంది. ఈ లేఖ పోలీసులకు కాకుండా మీకు ఎందుకు రాస్తున్నానంటే, ఆ దళారి పెట్టుబడి పెట్టి దుకాణం తెరవలేదు. మీ కౌంటర్ దగ్గర ‘మాకు తెలియదు, ముంబైలో సిబిల్ ఆఫీసును అడగండి’ అని మీ సిబ్బంది అన్న మాటే అతని పెట్టుబడి.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసే ఒకాయన ఓ ఫైనాన్స్ సంస్థలో అప్పు తీసుకుని బండి కొన్నాడు. ఒక నెల జీతం ఆలస్యమై వాయిదా వెనక్కి పోయింది. నాలుగైదు రోజుల్లోనే కట్టేశాడు. బౌన్స్ చార్జీ 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, వెరసి 590 రూపాయలు మాత్రం అప్పు ఖాతాలో మిగిలిపోయాయి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చివరి వాయిదా కట్టి బండి తనదైందనుకున్నాడు. అప్పు తీరిందని సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ అడగాలని అతనికి తెలియదు, పిలిచి ఇవ్వాలని సంస్థకు తోచలేదు. రెండేళ్ల తర్వాత నిజాంపేటలో చిన్న ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చి గృహరుణానికి వెళ్తే, స్కోరు చాలదని తిప్పి పంపారు.

నివేదికలో ఆ బండి అప్పు ఉన్న పేజీ చూడండి. నెలకు ఒక గడి చొప్పున మూడేళ్ల గడులుంటాయి. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ గడిలో రాస్తారు. మొదట్లో అన్నీ సున్నాలే, 000, 000, 000. ఆ తర్వాత 28. పక్క గడిలో 59. ఆ తర్వాత 89, 120. అలా గడిగడికీ పెరుగుతూ చివరికి ఏడువందలు దాటింది. అదే పేజీలో పైన బకాయి మొత్తం అనే చోట 590 అని ఉంది. అయినా అప్పిచ్చే బ్యాంకు కంప్యూటర్ చాలాసార్లు ఎంత డబ్బు బాకీ అని కాక, ఎన్ని రోజుల బాకీ అనే చూస్తుంది. లక్షల అప్పు ఎగ్గొట్టినవాడి గడులూ ఇతని గడులూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు.

మీలో ఎవరైనా ఆ పేజీ మీద ఒక్కసారి వేలు పెట్టి ‘ఇదిగో ఈ 590 కట్టి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతా మూసినట్టు నమోదు చేయమని రాసివ్వు’ అని ఉంటే సరిపోయేది. ఎవరూ అనలేదు. స్కోరు తక్కువుంది, పెంచుకుని రమ్మన్నారు. ఎలా పెంచుకోవాలో చెప్పేవాడు అమీర్‌పేటలో దొరికాడు. అడిగింది 12,000 రూపాయలు, సగం ముందుగా. పాన్ కార్డు, ఆధార్ ఫొటోలు తీసుకున్నాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీలు అడిగి మరీ చెప్పించుకున్నాడు. రుణ సమాచార సంస్థ వెబ్‌సైట్‌లో ఇతని పేరిట ఖాతా తెరిచి, ఈమెయిలు మాత్రం తనది పెట్టాడు. ఆ తర్వాత ఆ అప్పు తనది కాదంటూ ఇతని పేరుతోనే ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాడు. ఫైనాన్స్ సంస్థ ప్రతిసారీ ‘సమాచారం సరైనదే’ అని తిప్పికొట్టింది. కొట్టదా మరి? అప్పు ఇతనిదే, 590 బాకీ ఉన్న మాటా నిజమే. సొంత అప్పును కాదని బుకాయించినట్టు మాత్రం నమోదైంది.

మూడు వారాలకు వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చింది, స్కోరు 774 అని. మిగిలిన సగం డబ్బు ఇచ్చేశాడు. ఆ బొమ్మ నాకు చూపించాడు. అంకె 774కి ఎక్కింది కానీ కింద అర్ధచంద్రాకారపు మీటరులో ముల్లు ఎర్ర రంగు దగ్గరే ఆగిపోయింది. అంకె మార్చినవాడికి ముల్లు తిప్పే ఓపిక లేకపోయింది. బ్యాంకులో మళ్లీ చూస్తే 612.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఈమెయిలు దళారిది కాబట్టి ఇతని నివేదికను ఎవరు తెరిచినా ఆ సమాచారం దళారికే వెళ్తుంది. ఎవరైనా నివేదిక చూస్తే వెంటనే కబురందాలని రిజర్వు బ్యాంకు పెట్టిన రక్షణ కాస్తా ఇలా తలకిందులైంది. ఆ వారం నుంచే అప్పు యాప్‌ల ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కడినుంచి తెలిసిందో ఊహించడం కష్టం కాదు.

చట్టంలో ఉన్నది ఏమిటో మీకు నేను చెప్పడం బాగుండదు. కానీ ఈ లేఖ మీ ఖాతాదారులు కూడా చదువుతారు కాబట్టి చెబుతాను. దేశంలో రుణ సమాచార సంస్థలు నాలుగు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగూ 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచేవే. స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదిక ఒక్కో సంస్థ నుంచి ఉచితంగా తీసుకోవచ్చు, 2017 జనవరి నుంచి ఆ హక్కు ఉంది. మన నివేదిక మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. ఈ భయంతో ఏళ్ల తరబడి చూసుకోనివాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ పుకారు ఎక్కడ పుట్టిందో కానీ దళారులకు బాగా పనికొచ్చింది.

నివేదికలో తప్పుంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ, అప్పిచ్చిన బ్యాంకులో గానీ ఫిర్యాదు చేయవచ్చు. పైసా కట్టనక్కరలేదు. బ్యాంకు 21 రోజుల్లో సరిచేసి పంపాలి, మొత్తం వ్యవహారం 30 రోజుల్లో తేలాలి. తేలకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలి. 2023 అక్టోబరు 26న రిజర్వు బ్యాంకు ఈ ఉత్తర్వు ఇచ్చింది, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికీ న్యాయం జరగకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు విని తీర్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రుణ సమాచార సంస్థలను కూడా 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ అంబుడ్స్‌మన్ పథకం కిందికి తెచ్చారు. అదీ ఉచితమే. వివరాలకు 14448కి ఫోను చేయవచ్చు.

అంటే, దళారి 12,000 తీసుకుని చేస్తానన్న పనిలో చేయగలిగిన భాగమంతా ఉచితంగా జరిగేదే. డబ్బు తీసుకున్న మిగతా భాగం ఎవరూ చేయలేనిది. నిజంగా ఎగ్గొట్టిన వాయిదాను చెరిపేసే దారి చట్టంలో ఎవరికీ లేదు. రుణ చరిత్రను కనీసం ఏడేళ్లు నిల్వ ఉంచాలన్నది నిబంధన. అమెరికాలో ఈ మోసాలు ఎంతగా ముదిరాయంటే, పని పూర్తిచేయకముందు రుసుము తీసుకోకూడదని 1996లోనే అక్కడ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మన దగ్గర ఈ వ్యాపారం కోసమే చేసిన చట్టం లేదు. అందుకే మీ కౌంటర్ల మీద బరువు ఎక్కువ పడుతుంది.

ఇంతకీ ఆ కౌంటర్ల దగ్గర ఏం జరుగుతోంది?

హైదరాబాద్‌లో బ్యాంకుల పేర్లు మారినన్ని సార్లు వీధుల పేర్లు కూడా మారలేదేమో. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. విలీనాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. ఇలా కలిసిపోయిన ఒక బ్యాంకులో, విలీనానికి ముందే భర్త తీసుకున్న అప్పును పూర్తిగా తీర్చేసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు మల్కాజిగిరిలో ఉన్నారు. ఆ అప్పుకు ఆమె షూరిటీ. నివేదికలో అది ఇంకా నడుస్తున్న అప్పుగా, బకాయి ఉన్నట్టుగా కనిపిస్తోంది. పాత శాఖ మూతపడి పక్క వీధి శాఖలో కలిసింది. అక్కడ అడిగితే ‘ఇది పాత బ్యాంకు ఖాతా, మా కంప్యూటర్‌లో రావడం లేదు’ అన్నారు. రుణ సమాచార సంస్థను అడిగితే బ్యాంకు చెప్తేనే మారుస్తామంది. నిజమే, సమాచారం బ్యాంకుదే, బ్యాంకు చెప్పకుండా ఆ సంస్థ మార్చలేదు. ఈ సంగతి కౌంటర్ దగ్గరున్న ఉద్యోగికి ఎందుకు తెలియదు?

ఆమె దగ్గర అప్పు తీరినట్టు పాత బ్యాంకు ముద్రతో కాగితం ఉంది. ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్నారు. ఆ కాగితం చూసి కూడా కౌంటర్‌లోని కుర్రాడు ‘సిబిల్ మా చేతిలో లేదమ్మా’ అన్నాడట. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. రోజుకు ఎన్ని బీమా పాలసీలు అంటగట్టాలో అతనికి లక్ష్యాలున్నాయి, నివేదికలో తప్పు దిద్దడానికి లక్ష్యం ఏదీ లేదు. అతనికి ఈ పని ఎవరూ నేర్పలేదు. తప్పు అతనికి నేర్పనివాళ్లది.

2023 ఉత్తర్వులోనే ఇంకొన్ని మాటలున్నాయి. రుణ సమాచార సంస్థలతో ఫిర్యాదుల గురించి మాట్లాడడానికి ప్రతి బ్యాంకులో ఒక నోడల్ అధికారి ఉండాలి. దిద్దమని ఖాతాదారు అడిగినది తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో అతనికి చెప్పాలి. వాయిదా ఎగవేత సమాచారం పంపేటప్పుడు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిలు గానీ పంపాలి. మల్కాజిగిరి ఉపాధ్యాయురాలికి ఆ నోడల్ అధికారి పేరు ఏ గోడ మీదా కనిపించలేదు. మీ శాఖల గోడల మీద గృహరుణం వడ్డీ ఎంతో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదుల అధికారి పేరున్న చోటు వెతికితే, ఎప్పుడో బదిలీ అయి వెళ్లిపోయిన ఆయన పేరే ఇంకా ఉంటుంది.

ఇప్పుడు సెటిల్‌మెంట్ల సంగతి. అమీర్‌పేట దళారి కంటే దీనితోనే ఎక్కువమంది మునిగారని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో చట్టవిరుద్ధంగా కనిపించేదేమీ ఉండదు. క్రెడిట్ కార్డు బాకీ పెరిగి పెరిగి లక్షన్నర అయిందనుకోండి. వసూలు ఏజెంటు ఫోను చేసి ‘అరవై వేలు కట్టేయండి, ఫైలు మూసేస్తాం, సిబిల్ క్లియర్ అయిపోతుంది’ అంటాడు. మెడ మీద కత్తి పోయిందని ఖాతాదారు పుస్తెలో గాజులో కుదువబెట్టి ఆ అరవై వేలు కడతాడు. ఆ తర్వాత నివేదికలో ఆ ఖాతా పక్కన ‘సెటిల్డ్’ అని పడుతుంది. పూర్తిగా తీర్చలేదు, బ్యాంకు కొంత వదులుకుంది అని దాని అర్థం. తర్వాత అప్పివ్వబోయే ప్రతి బ్యాంకూ దాన్ని చూసి వెనకడుగు వేస్తుంది. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, ఇలా రాజీ కుదుర్చుకున్నవారికి అదే బ్యాంకు మళ్లీ అప్పివ్వాలంటే వ్యవసాయ రుణాలు మినహా కనీసం పన్నెండు నెలలు ఆగాలి.

రాజీ తప్పని నేను అనడం లేదు. ఉద్యోగం పోయినవాడికి, ఆసుపత్రి ఖర్చులతో చితికిపోయినవాడికి అదే మిగిలిన దారి కావచ్చు. కానీ సంతకం పెట్టేముందు ఆ మాట చెప్పాలి కదా! ‘ఇది సెటిల్డ్ అని పడుతుంది, క్లోజ్డ్ అని పడదు. మిగతా డబ్బు కూడా ఎప్పుడైనా కట్టగలిగితే అప్పుడు క్లోజ్డ్‌గా మారుస్తాం’ అని తెలుగులో ఒక్క వాక్యం రాసి ఇవ్వడానికి మీకేమిటి కష్టం? ఏజెంటు నోటి మాటగా ‘క్లియర్’ అంటాడు, కాగితంలో ఆ మాట ఉండదు. వసూలు చేసేది మీ తరఫున కాబట్టి ఆ అబద్ధం కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

దీన్ని చూసి ఇంకో వ్యాపారం పుట్టింది. ‘మీ అప్పులన్నీ మేం సెటిల్ చేస్తాం, మీరు వాయిదాలు కట్టడం ఆపేయండి, నెలనెలా మాకు రుసుము కట్టండి’ అనేవాళ్లు. మాదాపూర్‌లో అద్దాల గదుల్లో కూర్చుని, ఇస్త్రీ చొక్కాలతో మాట్లాడతారు. వాళ్ల మాట విని వాయిదాలు ఆపేసినవాడి నివేదిక ఆరు నెలల్లో ఎలా తయారవుతుందో పైన లేత్ మెషీన్ ఆయన గడుల్లో చూశారు. సక్రమంగా కడుతున్న అప్పులను కూడా ఆపించినవాళ్లను నేను చూశాను. ఆపమన్నవాడు నష్టపోయేదేమీ లేదు, వాడి రుసుము వాడికి వస్తూనే ఉంటుంది.

అప్పు యాప్‌ల గురించి ఈ నగరానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాటి కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేసిన వార్తలు, అంతకుముందు ఆత్మహత్యల వార్తలు మనందరికీ గుర్తున్నాయి. తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు కట్టుబాట్లు పెట్టింది. ఇప్పుడు ఎంత చిన్న డిజిటల్ అప్పైనా రుణ సమాచార సంస్థకు చేరుతుంది. ఇక్కడే చిన్న తిరకాసుంది. ఫోనులో కనిపించే యాప్ పేరు ఒకటి, నివేదికలో కనిపించే అప్పిచ్చిన సంస్థ పేరు మరొకటి. ఎప్పుడూ వినని ఫైనాన్స్ సంస్థ పేరు చూసి ‘ఇది నా అప్పు కాదు’ అని కంగారుపడతారు. కొందరి విషయంలో అది నిజంగానే వాళ్లది కాదు, పాన్ నంబరు దొంగిలించి ఎవరో తీసుకున్నది. ఏది ఏదో తేల్చడానికి అప్పు తేదీ, మొత్తం, డబ్బు పడిన ఖాతా చూడాలి. నిజంగానే తనది కాకపోతే అప్పిచ్చిన సంస్థకూ, రుణ సమాచార సంస్థకూ ఫిర్యాదు చేసి, 1930కి గానీ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ నమోదు చేయించాలి. ఆ నకలు చేతిలో ఉంటే తర్వాత పని సులువవుతుంది. ఇది చెప్పడానికి బ్యాంకులో పదినిమిషాలు పడుతుంది.

చిక్కడపల్లి, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో బ్యాంకు ఉద్యోగాలకు చదివే పిల్లల పరిస్థితి ఇంకా విచిత్రం. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ప్రకటనల్లో ఎంపికైనవారు చేరే సమయానికి రుణ చరిత్ర ఆరోగ్యంగా ఉండాలన్న షరతు ఉంటోంది. హాస్టల్ ఫీజుకు తీసుకున్న నాలుగువేల ‘తర్వాత చెల్లించు’ అప్పు ఆ షరతుకు అడ్డుపడుతుందని ఆ పిల్లలకు ప్రకటన చదివే దాకా తెలియదు. తెలిసిన రోజున వాళ్లు ఎవరికి ఫోను చేస్తారో ఊహించండి. దళారి ప్రకటనలు కోచింగ్ సెంటర్ల దగ్గరే ఎందుకున్నాయో అప్పుడు అర్థమవుతుంది.

స్కోరు నిజంగా ఎలా పెరుగుతుందో నా దగ్గరకు వచ్చినవాళ్లకు చెప్పేది చాలా చప్పగా ఉంటుంది. విన్నవాళ్లలో సగంమంది నిరాశపడతారు. ముందు నాలుగు నివేదికలూ తీసి, తప్పులుంటే దిద్దించుకోవాలి. మిగిలిన బాకీలు, అవి 590 రూపాయలైనా సరే, కట్టి కాగితం తీసుకోవాలి. ఆ పైన ప్రతి వాయిదా తేదీ తప్పకుండా కట్టాలి. కార్డు పరిమితి లక్ష ఉంటే ముప్పైవేలు దాటకుండా వాడుకోవడం మేలు. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే వాయిదా తప్పినట్టు పడదు కానీ, వడ్డీ నడ్డి విరుస్తుంది. ఒకరు కాదన్నారని అదే వారంలో ఇంకో ఐదుచోట్ల అప్పుకు దరఖాస్తు పెట్టకూడదు, ఆ బ్యాంకులన్నీ మీ నివేదిక అడిగి చూసినట్టు అందులో పడుతుంది. ఏ కార్డూ ఇవ్వనంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా పెట్టి కార్డు తీసుకుని, చిన్న మొత్తాలు వాడి తీరుస్తూ రావచ్చు. నెలలు పడుతుంది, చరిత్ర బాగా చెడితే ఏడాది పైనే పడుతుంది. పదిహేను రోజుల్లో 750 అయ్యే దారి ఇందులో ఏదీ లేదు.

మొదటిసారి అప్పుకు వచ్చినవాడి సంగతి కూడా మీ దృష్టికి తేవాలి. ఎప్పుడూ అప్పు చేయనివాడికి స్కోరే ఉండదు, ఆ కారణం ఒక్కటే చూపి దరఖాస్తు తిరస్కరించకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. పార్లమెంటులో ఆర్థిక శాఖ కూడా అదే చెప్పింది. ఇక్కడి శాఖల్లో మాత్రం ‘సిబిల్ లేదు, ముందు సిబిల్ తెచ్చుకో’ అంటున్నారు. అప్పు లేకుండా స్కోరు రాదు, స్కోరు లేకుండా మీరు అప్పివ్వరు. ఈ మధ్యలో నిలబడ్డ కుర్రాడికి, ఏదో ఫోను వాయిదాల మీద కొను, స్కోరు మేం తెప్పిస్తాం అని దళారి చెబుతాడు. ఫోను దళారి చేతికి పోతుంది, వాయిదాలు కుర్రాడికి మిగులుతాయి.

కాబట్టి మీ తదుపరి త్రైమాసిక సమావేశంలో కొన్ని పనులు నిర్ణయించమని అడుగుతున్నాను. వీటికి కొత్త చట్టం అక్కరలేదు, ముంబైలోని రిజర్వు బ్యాంకు అనుమతి అక్కరలేదు.

ప్రతి శాఖలో ఒక ఉద్యోగికి రుణ నివేదిక చదవడం నేర్పండి. గడులేమిటి, ‘సెటిల్డ్’ ఏమిటి, ‘రైటాఫ్’ (వసూలు కాదని బ్యాంకు లెక్కల్లోంచి తీసేసిన అప్పు) ఏమిటి, ఫిర్యాదు ఎక్కడ పెట్టాలి అన్నంత వరకు తెలిస్తే చాలు, ఒక పూట శిక్షణ సరిపోతుంది. వారంలో ఒక పూట ఆ ఉద్యోగి అందుబాటులో ఉంటాడని గోడ మీద రాయండి. నోడల్ అధికారి పేరు, ఫోను నంబరు తెలుగులో, ఉర్దూలో పెట్టండి. ఆయన బదిలీ అయితే ఆ బోర్డు కూడా మార్చండి. అప్పు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని నియమం ఉంది. ‘స్కోరు తక్కువ’ అన్నది కారణం కాదు. ఏ ఖాతా వల్ల తగ్గిందో ఆ వరుస చూపించండి.

అప్పు చివరి వాయిదా పడిన రోజున మీ కంప్యూటర్ ఆ ఖాతాలో చిల్లర చార్జీలు ఏమైనా మిగిలాయా అని వెతికి, మిగిలితే ఖాతాదారుకు కబురు పంపేలా చేయండి. వందల రూపాయల చార్జీ కోసం మనిషి చరిత్రను రెండేళ్లు ఎర్రగీతలో ఉంచడం మీకు లాభమా? అదే మీరు మాఫీ చేస్తే పోయేదేమిటి? నో డ్యూ సర్టిఫికెట్ అడగకుండానే ఇవ్వండి. ఆస్తి పత్రాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 కట్టాలని 2023లో రిజర్వు బ్యాంకు అన్నప్పటి నుంచి ఆ పత్రాలు ఎంత చురుగ్గా కదులుతున్నాయో మేం చూస్తూనే ఉన్నాం. చేయగలరని దానితోనే తేలింది. రుణ సమాచారం నెలకోసారి కాదు, కనీసం పదిహేను రోజులకోసారి పంపాలన్న నియమం 2025 జనవరిలోనే అమల్లోకి వచ్చింది. మూసిన ఖాతా మూసినట్టు కనిపించడానికి నెలలు పడుతుందని ఇకనుంచి ఎవరూ చెప్పకూడదు.

విలీనమైన బ్యాంకుల పాత అప్పుల కోసం నగరంలో ఒక్కచోట, కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లోనైనా సరే, ఒక బల్ల పెట్టండి. పాత ముద్రతో ఉన్న కాగితం తెచ్చినవాళ్లను ఏ శాఖకు వెళ్లాలో చెప్పి పంపితే చాలదు. ఆ కాగితం అక్కడే తీసుకుని, రసీదు ఇచ్చి, 21 రోజుల లెక్క ఆ రోజు నుంచే మొదలుపెట్టండి. వాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లు. శాఖ నుంచి శాఖకు కాళ్లరిగేలా తిరగలేరు.

ఇక ఆ రోజుకు వంద రూపాయల పరిహారం. అది అడిగితేనే ఇచ్చేది కాదు, ఫిర్యాదు తేలిన ఐదు పనిదినాల్లో ఖాతాలో పడాల్సినది. మీ రాష్ట్రంలోని బ్యాంకులు ఇప్పటివరకు ఎంతమందికి, ఎంత కట్టాయో బ్యాంకులవారీగా ప్రకటించండి. మీ సమావేశాల అజెండాలు, మినిట్స్ మీ వెబ్‌సైట్‌లో పెడతారు, నేను చదువుతాను. రైతు రుణాలు, ముద్రా రుణాల పట్టికల పక్కన ఈ పట్టిక కూడా వచ్చే త్రైమాసికం నుంచి ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
లెక్కలు రాసుకునే ఒక ఖాతాదారు,
మూసాపేట, హైదరాబాద్.